వరదల్లో పిల్లల రక్షణ: కొన్ని అపోహలు, వాస్తవాలు

2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ తెల్లవారుజామునే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచెత్తగా జనం ప్రాణాలు అరచేత పట్టుకొని ఇళ్ళ కప్పులెక్కారు. జంపన్నవాగు కొండాయి మీద విరుచుకుపడింది. వరంగల్, హనుమకొండల్లో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. ఏడాది తిరిగాక, 2024 సెప్టెంబరు మొదటి తేదీన, మహబూబాబాద్ జిల్లాలో రైలు పట్టాల కింది కట్ట సైతం కొట్టుకుపోయింది. ఈ జిల్లాల్లో బాలల రక్షణ పని చేస్తున్న నాకు ప్రతి వరదలోనూ, ప్రతి పునరావాస కేంద్రంలోనూ అవే మాటలు వినిపిస్తుంటాయి. అవి మంచి మనసుతో అనే మాటలే. అయినా వాటిని నమ్మి పని చేసినచోట పిల్లలకు కీడు జరగడం చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ముందు అన్నం, నీళ్ళు, మందులు చూడాలి, పిల్లల రక్షణ ఆ తరువాతి సంగతి.

పిల్లలు తమవాళ్ళ నుంచి వేరుపడేది ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే. పడవ వచ్చినప్పుడు ముందు పిల్లలను ఎక్కిస్తారు. తల్లి ముసలి అత్తను పట్టుకొని ఆగిపోతుంది, తండ్రి బర్రెల కట్లు విప్పడానికి వెళ్తాడు, రెండో పడవ ఇంకో ఒడ్డుకు చేరుతుంది. సాయంత్రానికి బిడ్డ ఒక మండలంలోని బడిలో, తల్లి మరో మండలంలోని ఫంక్షన్ హాలులో ఉంటారు. పిల్లలను ఎక్కించే పడవలోనే వాళ్ళ ఇంటి పెద్ద ఒకరిని కూడా ఎక్కించాలన్న చిన్న నియమాన్ని పాటిస్తే ఆ తరువాత వారాల తరబడి చేయవలసిన వెతుకులాట తప్పుతుంది. పసివాళ్ళ పేరు, ఊరు, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు రాసిన చీటీని బట్టల లోపలి వైపు కుట్టడమో పిన్ను పెట్టడమో చేయాలి. బయటికి కనిపించేలా తగిలిస్తే ఏ అపరిచితుడైనా బిడ్డను పేరు పెట్టి పిలిచి మచ్చిక చేసుకోగలడు.

పైగా అన్నం, నీళ్ళ ఏర్పాటులోనే రక్షణ కూడా ఉంది. మరుగుదొడ్డికి లోపలి గడియ, దారిలో దీపం లేకపోతే ఆడపిల్లలు చీకటి పడేదాకా నీళ్ళు తాగకుండా ఉంటారు, లేదా ఒంటరిగా చేను గట్ల వెంబడి వెళ్తారు. భోజనాల వరుసలో పెద్దవాళ్ళు తోడు లేని పిల్లలు చివరికి నెట్టబడతారు. ఆపత్కాలంలో బాలల రక్షణకు 2012లో రూపొంది, 2019లో సవరించిన అంతర్జాతీయ కనీస ప్రమాణాలు మొత్తం 28 ఉన్నాయి. వాటిలో ఆహారం, నీరు, ఆశ్రయం, ఆరోగ్యం పనుల్లో ఉన్నవారు పాటించవలసినవి విడిగా చెప్పడానికి కారణం ఇదే.

అపోహ: తల్లిదండ్రులు కనిపించని పిల్లలు అనాథలు, వారిని వెంటనే హోముకు పంపాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే మాట ఇది. కేంద్రంలో ఒంటరిగా కూర్చున్న బిడ్డకు చాలా సందర్భాల్లో తల్లో తండ్రో బతికే ఉంటారు. వాళ్ళు లేకపోయినా మేనత్త, చిన్నాయన, పెద్దమ్మ ఎవరో ఒకరు ఎక్కడో ఈ బిడ్డ కోసం వెతుకుతూనే ఉంటారు. 2010 జనవరిలో హైతీ భూకంపం తరువాత ఒక విదేశీ బృందం 33 మంది పిల్లలను అనాథలని చెప్పి సరిహద్దు దాటించబోతూ పట్టుబడింది. తీరా విచారిస్తే ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు ఉన్నారని తేలింది. అంత దూరం పోనక్కరలేదు. మన దగ్గర అలాంటి దురుద్దేశం ఏదీ లేకుండానే, దరఖాస్తులో ఒక్క మాట తప్పుగా రాయడం వల్ల బిడ్డ అనాథ అయిపోవచ్చు.

ఉత్తర తెలంగాణలో చాలా ఇళ్ళలో కన్నతల్లిని 'అవ్వ' అని పిలుస్తారు. వేరే ప్రాంతం నుంచి వచ్చిన ఉద్యోగి ఆ మాట విని 'నానమ్మ' అని రాసుకుంటే కాగితం మీద ఆ బిడ్డకు తల్లి లేనట్టే. లంబాడీ తండా పిల్ల 'యాడి' అని ఏడుస్తుంటే అది తల్లిని పిలవడమని తెలియనివాళ్ళు ఊరి పేరేమో అనుకుంటారు. గూడెం నుంచి వచ్చిన కోయ పిల్లలకు తెలుగు అర్థం కాకపోతే మూగవారని రాసే ప్రమాదం కూడా ఉంది. అందుకే నేను కొత్తగా వచ్చిన కార్యకర్తలకు మొదట చెప్పేది ఒకటే: బిడ్డ నోటి నుంచి ఏ మాట వస్తే ఆ మాటనే, సరిదిద్దకుండా రాయండి, అర్థం తరువాత వెతుక్కోవచ్చు.

మూడేళ్ళ బిడ్డకు తండ్రి పేరు తెలియదు, అతను 'బాపు' అంతే. 'మీ నాన్న పేరేంటి, మీ మండలం ఏది' అని అడిగి లాభం లేదు. మీ ఇంటి ముందు ఏముంది, బోరింగు ఉందా, వేపచెట్టు ఉందా, రాత్రి ఎవరి పక్కన పడుకుంటావు, మీ మేక పేరేంటి, జాతరకు పోయినప్పుడు ఎవరి భుజాల మీద ఎక్కావు అని అడిగితే నెమ్మదిగా ఒక ఇల్లు, ఒక వాడ కళ్ళ ముందుకు వస్తాయి. ఆ వివరాలను ఆశా కార్యకర్తకో అంగన్‌వాడీ టీచరుకో చదివి వినిపిస్తే, నాలుగైదు ఊళ్ళ అవతలి ఇంటిని కూడా పోల్చగలిగినవాళ్ళు ఉన్నారు. మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లలను ఇంటివాళ్ళకు అప్పగించే పని చేసినవాళ్ళకు ఈ విద్య బాగా తెలుసు. వరదలప్పుడు మనం వారిని పిలుచుకోవడం తక్కువ.

బిడ్డ తనవాడేనని ఎవరైనా వస్తే ఆధార్ కార్డు చూసి అప్పగించేయకూడదు. బిడ్డ చెప్పిన వివరాలు వచ్చినవారి నోటి నుంచి కూడా రావాలి, వారిని చూసినప్పుడు బిడ్డ ఎలా ఉంటున్నదో గమనించాలి. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకృతి వైపరీత్యానికి గురైన పిల్లలను రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల్లో చేర్చింది. తోడు లేకుండా దొరికిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటల లోపు బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది ఆ సమితే. దగ్గరి బంధువుల ఇంట్లో ఉంచే వీలుందేమో విచారించాకే హోము గురించి ఆలోచించాలి. ఒకసారి హోముకు చేరిన బిడ్డ, కాగితాలు కదలక, వెతికేవారు లేక అక్కడే సంవత్సరాలు గడిపే అవకాశం ఉంది.

అపోహ: పిల్లలు లేని దంపతులు ఇలాంటి బిడ్డను తీసుకెళ్ళి పెంచుకుంటే ఇద్దరికీ మేలు.

తల్లిదండ్రుల కోసం వెతకకుండా దత్తత అనే మాటే ఎత్తకూడదు. వెతుకులాట ముగిసి, సంక్షేమ సమితి విచారించి బిడ్డను దత్తతకు అర్హుడిగా ప్రకటించాలి; ఆ తరువాత అంతా కేంద్ర దత్తత వనరుల సంస్థ నిబంధనల ప్రకారమే జరగాలి. ఆ పద్ధతిని దాటి బిడ్డను ఇచ్చినా, తీసుకున్నా 3 సంవత్సరాల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ దంపతుల ప్రేమను నేను శంకించడం లేదు. కానీ పదిరోజుల తరువాత ఇంకో కేంద్రం నుంచి వచ్చి బిడ్డ కోసం నిలబడే తల్లికి మన దగ్గర జవాబు ఉండాలి కదా.

అపోహ: ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే ఇంటివాళ్ళు తొందరగా దొరుకుతారు.

దొరకవచ్చు. బిడ్డ ఒంటరిగా, ఫలానా బడిలో ఉందన్న సంగతి మాత్రం చూడకూడని వారికి కూడా చేరుతుంది. రక్షణ అవసరమైన బిడ్డ గుర్తింపును పత్రికల్లో గాని సామాజిక మాధ్యమాల్లో గాని బయటపెట్టడం బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ కింద నేరం. 6 నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫోటో పోలీసులకు, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వండి. 24 గంటలూ పనిచేసే బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. దుప్పట్లు పంచుతూ పిల్లలతో దిగే ఫోటోలకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

అపోహ: ఆడుకుంటున్నారంటే పిల్లలు అంతా మరిచిపోయినట్టే. లేదంటే, జరిగిందంతా చెప్పించి ఏడిపిస్తే మనసు తేలికపడుతుంది.

ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు మాటలైనా ఒకే కేంద్రంలో, ఒకే రోజు విన్నాను. చాలామంది పిల్లలు ఆట ద్వారానే భయాన్ని బయటికి తెచ్చుకుంటారు. ఇటుకముక్కలతో ఇల్లు కట్టి, నీళ్ళు పోసి మళ్ళీ మళ్ళీ కూల్చే పిల్లవాణ్ణి తిట్టి ఆపవలసిన పని లేదు. పక్క తడపడం, తల్లి కొంగు వదలకపోవడం, వాన చప్పుడుకు ఉలిక్కిపడడం మొదటి వారాల్లో సహజమే. వారాలు గడిచినా తగ్గకపోతే వైద్యులకు చూపించాలి. వచ్చిన ప్రతి బృందమూ 'నీళ్ళు ఎట్లా వచ్చాయో చెప్పు' అని అడగడం మాత్రం గాయాన్ని రేపడమే అవుతుంది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి గమనించడం, వినడం, అవసరమైన సాయంతో కలపడం అనే మూడు పనులు చెబుతుంది. చెప్పమని ఒత్తిడి చేయడం వాటిలో లేదు. వేళకు అన్నం, వేళకు ఆట, వేళకు నిద్ర, పక్కన తెలిసిన మనిషి ఉంటే చాలామంది పిల్లలు కుదుటపడతారు.

అపోహ: ప్రమాదం బయటివాళ్ళతోనే.

అది నిజం కాదు. కేంద్రంలో పక్కన పడుకునే తెలిసినవాళ్ళతో, సాయానికి వచ్చినవాళ్ళతో కూడా ఉండవచ్చు. ఆ మాటకు వస్తే నాలాంటి కార్యకర్తలకు కూడా బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండకూడదన్న నియమం ఉండాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం ఆదేశిస్తుంది. ఊరి పెద్దల మధ్య సర్దుబాటుకు అందులో చోటు లేదు.

అపోహ: నీళ్ళు తీసి, కేంద్రం మూసేస్తే పని ముగిసినట్టే.

నీళ్ళు తీశాక పొలాల్లో ఇసుక మేటలు మిగులుతాయి, వరి నాటు కొట్టుకుపోతుంది, అప్పుల మీద మిత్తి (వడ్డీ) పెరుగుతుంది. పదో తరగతి అమ్మాయికి సంబంధం చూడడం, తమ్ముణ్ణి పత్తి ఏరడానికి పంపడం అప్పుడే మొదలవుతాయి. ఛత్తీస్‌గఢ్‌లోని హింస నుంచి పారిపోయి వచ్చి ఇక్కడి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయల పిల్లల్లో చాలామందికి ముందే ధ్రువపత్రాలు లేవు. ఉన్న ఒక్క కాగితం తడిసిపోతే బడిలో పేరు నిలవడమే కష్టమవుతుంది. అందువల్ల కేంద్రం మూసేనాటికి పిల్లల జాబితా ఒకటి మా చేతిలో ఉండాలని పట్టుబడతాను. దసరా సెలవుల తరువాత బడి తెరిచిన రోజున ఆ జాబితా పట్టుకొని తరగతి గదికి వెళ్తాను. హాజరు పట్టీలో పేరు ఉండి బెంచీ మీద కనిపించని పిల్లల ఇళ్ళకు ఆ సాయంత్రమే బయలుదేరుతాను.