డబ్‌స్టెప్ ఇంటిపేరు ఎవరిది?

డీజేలు పాటలు కొనుక్కునే ఆన్‌లైన్ దుకాణాల్లో బీట్‌పోర్ట్ పేరున్నది. అందులో డబ్‌స్టెప్‌కు, అంటే లండన్‌లో పుట్టిన ఒక రకం డాన్స్ సంగీతానికి, రెండు అరలున్నాయి. ఒకదాని మీద ‘డబ్‌స్టెప్’ అని ఉంటుంది. రెండోదాని మీద ‘140 / డీప్ డబ్‌స్టెప్ / గ్రైమ్’ అని చాంతాడంత పేరు. విచిత్రం ఏమిటంటే, ఆ సంగీతాన్ని పుట్టించినవాళ్ల బాటలో నడిచే పాటల కోసం రెండో అరలో వెతుక్కోవాలి. మొదటి అరలో ఎక్కువగా కనిపించేది తర్వాత వచ్చి పేరు పట్టుకుపోయినవాళ్ల సరుకు. ఇల్లు ఒకరికి, ఇంటిపేరు ఇంకొకరికి మిగిలిన ఈ పంపకాల వెనక పాతికేళ్ల తగువు ఉంది.

ఇంటిపేరు అన్నది ఊరికే వాడిన మాట కాదు. మనలో చాలామంది ఇంటిపేర్లు ఏదో ఒక ఊరిని మోస్తున్నట్టే, డాన్స్ సంగీతంలో పాత పేర్లు కొన్ని అచ్చంగా గదుల పేర్లు. షికాగోలో ఫ్రాంకీ నకుల్స్ 1977 నుంచి రికార్డులు వాయించిన క్లబ్బు వేర్‌హౌస్. ‘హౌస్’ అక్కడి నుంచి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. న్యూయార్క్‌లోని పారడైజ్ గ్యారేజ్ నుంచి ‘గ్యారేజ్’ వచ్చింది. ఆ గదిలో వినిపించేదానికి ఆ గది పేరు. సంగీతం గది గుమ్మం దాటనంతకాలం తగువు లేదు. దాటాక, కొనేవాడికి ఏమని చెప్పి అమ్మాలన్న ప్రశ్న రాగానే రభస మొదలవుతుంది.

1988లో అదే జరిగింది. వర్జిన్ కుటుంబానికి చెందిన 10 రికార్డ్స్ అనే బ్రిటిష్ సంస్థ డెట్రాయిట్ కుర్రాళ్ల పాటలతో ఒక సంకలనం తేవాలనుకుంది. షికాగో హౌస్ అప్పుడు బాగా అమ్ముడుపోతోంది కాబట్టి, ఇది డెట్రాయిట్ హౌస్ అని చెప్పి అమ్మితే సరిపోతుందని వాళ్ల లెక్క. ఆ కుర్రాళ్లలో ఒకడైన హువాన్ అట్కిన్స్ తన పాటకు ‘టెక్నో మ్యూజిక్’ అని పేరు పెట్టి పంపడంతో సంకలనం పేరే మారిపోయింది. షికాగో వాటాలో అద్దెకు ఉండవలసినవాళ్లు ఆ ఒక్క మాటతో సొంతిల్లు కట్టుకున్నారు. పేరు మీద పట్టు నిలబెట్టుకున్న సంగీతకారులు ఉన్నారంటే ముందు గుర్తొచ్చేది వీళ్లే.

లండన్‌లో కథ అంత సాఫీగా నడవలేదు. 1994లో ఎం-బీట్, జనరల్ లెవీ కలిసి చేసిన ‘ఇన్‌క్రెడిబుల్’ బ్రిటిష్ చార్టుల్లో మొదటి పదిలోకి వచ్చింది. వేగమైన డ్రమ్ములతో సాగే జంగిల్ సంగీతం అంత పైకి రావడం అదే మొదలు. ఆ ఊపులో లెవీ, జంగిల్‌ను నడిపిస్తున్నది తానేనన్న అర్థంలో ఒక పత్రికతో మాట్లాడాడు. అతను జమైకా సంగీతమైన రెగె వైపు నుంచి వచ్చినవాడు. జంగిల్ డీజేలలో పెద్ద తలకాయలకు ఒళ్లు మండింది. అందరూ కూడబలుక్కుని ఆ పాటను వెలివేశారు. సంగీతంలో కులపెద్దల పంచాయతీ అంటే ఇదే. ఆ తర్వాత ‘జంగిల్’ అన్న మాట తగ్గుతూ, ‘డ్రమ్ అండ్ బేస్’ అన్న పెద్దమనిషి పేరు పెరుగుతూ వచ్చింది. 1997లో రోనీ సైజ్ బృందం, ఏడాదిలో మేటి బ్రిటిష్ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి గెలిచేనాటికి పేపర్లవాళ్లు వాడుతున్నది ఆ పెద్దమనిషి పేరే.

ఇక క్రాయ్‌డన్. లండన్‌కు దక్షిణాన, కూరగాయల బండ్లు నిలిచే సర్రీ స్ట్రీట్‌లో బిగ్ ఆపిల్ అనే రికార్డుల దుకాణం ఉండేది. కౌంటర్ వెనక హాచా అనే డీజే. బడి మానేసినవాళ్లు, మానేయబోతున్నవాళ్లు అక్కడే తచ్చాడేవారు. వాళ్లలో ఇద్దరు స్క్రీమ్, బెంగా. ఇద్దరూ 1986లో పుట్టారు. ఇంట్లో కంప్యూటర్ మీద ఫ్రూటీ లూప్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటలు కట్టి తెచ్చి హాచాకు ఇచ్చేవారు. న్యూయార్క్ నుంచి వచ్చి లండన్‌లో రూపు మార్చుకున్న గ్యారేజ్ సంగీతం అప్పటికి షాంపేన్ సీసాలు, ఖరీదైన చొక్కాలు, టీవీ పాటల స్థాయికి చేరింది. ఈ పిల్లలు అందులోంచి గొంతు తీసేశారు, తళుకు తీసేశారు. మిగిలిన ఖాళీలో బేస్, అంటే అడుగు స్థాయి బరువైన ధ్వని, నింపారు.

ఆ ఖాళీ ఎలా పనిచేస్తుందో ఒకసారి లెక్కపెట్టి చూడాలి. వేగం నిమిషానికి 140 దెబ్బలు. నాలుగు దెబ్బలకు ఒక ఆవర్తం అనుకుంటే, మామూలు డాన్స్ పాటలో స్నేర్ అనే డ్రమ్ము చప్పుడు రెండు, నాలుగు దెబ్బల మీద పడుతుంది. ఇక్కడ మూడో దెబ్బ మీద ఒక్కసారే పడుతుంది. దాంతో చెవి ఆ పాటను 70గా లెక్కవేసుకుంటుంది. పైన సన్నగా కదిలే తాళాలు మాత్రం 140ని గుర్తుచేస్తూనే ఉంటాయి. కచేరీలు వినేవాళ్లకు రెండు కాలాలు ఒకేసారి నడవడం కొత్త కాదు. వినేవాడు ఏ కాలంలో తల ఊపినా తప్పు లేదు. వీటికి అడుగున 50 హెర్ట్జ్ చుట్టుపక్కల తిరిగే బేస్ ఉంటుంది. ఆ ధ్వని తరంగం పొడవే దాదాపు ఏడు మీటర్లు. ఫోను స్పీకరులో అది ఉన్నట్టే తెలియదు. పాటలో సగం మాయమై, టకటకలు మాత్రం మిగులుతాయి. క్లబ్బులో అయితే చెవికంటే ముందు పక్కటెముకలకు తెలుస్తుంది.

అందుకే వాళ్లు పాట పూర్తికాగానే ఫారెస్ట్ హిల్‌లోని ట్రాన్సిషన్ స్టూడియోకు వెళ్లేవారు. అక్కడ జేసన్ గోజ్ ఆ పాటను అల్యూమినియం పళ్లెం మీద పూసిన లక్కలాంటి పొరలో గాడిగా కోసి ఇచ్చేవాడు. ఐదు నిమిషాల పాటకు ఐదు నిమిషాల కోత, తొందరపెడితే కుదరదు. దాన్ని డబ్‌ప్లేట్ అంటారు. జమైకాలో పెద్ద స్పీకర్లతో పాటలు మోగించే సౌండ్ సిస్టమ్‌ల కాలం నుంచి వస్తున్న ఆచారం అది. మెత్తటి పొర కాబట్టి కొన్ని పదులసార్లు వాయించేసరికి పదును పోయి గరగరలు మొదలవుతాయి. ఒక్కొక్క పాట ఒకరిద్దరు డీజేల సంచుల్లోనే ఉండేది. నెలల తరబడి వేరెవరి దగ్గరా దొరికేది కాదు. ఆ పాట వినాలంటే ఆ గదికి వెళ్లాలి, లేదంటే అప్పటికి లైసెన్సు లేని దొంగ రేడియో రిన్స్ ఎఫ్‌ఎం పెట్టుకోవాలి. ఇంత చిన్న లోకానికి పేరుతో ఏం పని?

పని అమ్మేవాళ్లకు పడింది. 2001లో సోహోలోని వెల్వెట్ రూమ్స్‌లో ‘ఫార్వర్డ్’ అనే క్లబ్బు రాత్రి మొదలైంది. తర్వాత షోర్‌డిచ్‌లోని ప్లాస్టిక్ పీపుల్ అనే చిన్న చీకటి గదికి మారింది. దాన్ని నడిపిన ఆమ్యునిషన్ సంస్థవాళ్లే టెంపా లేబుల్ కూడా నడిపేవారు. తమ రికార్డులను పత్రికలకు పరిచయం చేయడానికి వాళ్లకు ఒక మాట కావాలి. రెగె నుంచి పుట్టిన జమైకా ‘డబ్’ను, గ్యారేజ్‌లోని ‘టూ-స్టెప్’ అనే రకాన్ని కలిపి అతికించారు. 2002లో అమెరికా పత్రిక ఎక్స్‌ఎల్‌ఆర్8ఆర్ హార్స్‌పవర్ ప్రొడక్షన్స్ అనే సంగీత బృందం మీద రాసినప్పుడు ‘డబ్‌స్టెప్’ అచ్చులోకి వచ్చింది. అంటే తర్వాత ప్రాణంగా చూసుకున్న ఈ పేరు ఏ గదిలోనూ పుట్టలేదు, ప్రచారం చేసే బల్ల మీద పుట్టింది. ‘మా పేరు దొంగిలించారు’ అని గుండెలు బాదుకున్న వాళ్లలో ఈ సంగతి ఎత్తేవాళ్లు తక్కువ.

అదే కాలంలో, అదే రేడియోల మీద, అదే 140 వేగంలో తూర్పు లండన్ కుర్రాళ్లు ఇంకోటి చేస్తున్నారు. దాని మీద ర్యాప్ ఎక్కువ. వాళ్లలో ఒకడైన వైలీ దాన్ని ‘ఎస్కీ’ అన్నాడు, లోకం ‘గ్రైమ్’ అంది. 2004లో అతను ‘వాట్ డు యు కాల్ ఇట్?’ అని పాటే కట్టాడు. దీన్ని ఏమంటారు, గ్యారేజా, ఇంకొకటా అని అడిగినవాళ్లందరినీ అందులో వెక్కిరించాడు. సంగీతం పేర్ల గురించి నాలుగేళ్లపాటు వాదించినవాళ్ల కంటే ఆ ఒక్క పాట ఎక్కువ చెప్పిందని నాకనిపిస్తుంది.

మన దగ్గర ఈ బాధ లేదు. బోనాలకు, నిమజ్జనానికి, పెళ్లి ఊరేగింపుకు బండి మీద మోగే రీమిక్స్ ఏదైనా సరే ‘డీజే పాట’. వాయించే మనిషి పేరే సంగీతం పేరైపోయింది. ఎవరూ కొట్టుకోలేదు.

2005లో మాలా, కోకి, లోఫా, సార్జంట్ పోక్స్ కలిసి బ్రిక్స్‌టన్‌లో చర్చి భవనంలోని మాస్ క్లబ్బులో ‘డీఎమ్‌జడ్’ రాత్రులు మొదలుపెట్టారు. బేస్ బరువు మీద ధ్యానం చేయడానికి రండి అన్నది వాళ్ల పిలుపు. 2006 జనవరిలో బీబీసీ రేడియో 1లో మేరీ ఆన్ హాబ్స్ ఈ డీజేలందరినీ వరసగా కూర్చోబెట్టి ‘డబ్‌స్టెప్ వార్జ్’ కార్యక్రమం చేసింది. మార్చిలో డీఎమ్‌జడ్ మొదటి వార్షికోత్సవానికి బయట వరస ఎంత పెరిగిందంటే, జనాన్ని పట్టించడానికి పైఅంతస్తులోని పెద్ద గదికి మారవలసి వచ్చింది. గది సరిపోకపోవడం అక్కడ మొదలైంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. లండన్ ధ్యానం చేసింది, అమెరికా అరిచింది అన్న కథ వినడానికి బాగుంటుంది కానీ అంత తిన్నగా లేదు. బేస్‌ను వడకట్టే ఫిల్టర్‌ను లయబద్ధంగా తెరుస్తూ మూస్తూ ఉంటే ‘వావ్ వావ్’మని ఊగే శబ్దం వస్తుంది. దాన్ని వాబుల్ అంటారు. అది అడుగు బేస్‌లో కంటే మధ్యస్థాయి ధ్వనుల్లో బాగా గీరుతుంది. ఆ గీరుడును 2007లో ‘స్పాంజ్‌బాబ్’ పాటతో పతాకస్థాయికి తీసుకుపోయింది సాక్షాత్తూ డీఎమ్‌జడ్ కోకి. అదే ఏడాది చివర కాస్పా, రస్కో చేసిన ఫ్యాబ్రిక్‌లైవ్ 37 మిక్స్ ఆ శబ్దాన్ని ఇంగ్లండ్ దాటించింది. తర్వాత కొన్నేళ్లకు ‘బ్రోస్టెప్’ అన్న వెక్కిరింపు పేరు పుట్టాక, అందులో తన పాపం కూడా ఉందని రస్కో స్వయంగా బీబీసీతో ఒప్పుకున్నాడు.

మధ్యస్థాయి ధ్వనికి ఒక గుణం ఉంది. దానికి గది అక్కర్లేదు. ల్యాప్‌టాప్ స్పీకరులో వినిపిస్తుంది, కారులో వినిపిస్తుంది, వేలమంది నిలబడిన మైదానంలోనూ వినిపిస్తుంది. 2010 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌కు చెందిన సోనీ మూర్, అంటే స్క్రిలెక్స్, ‘స్కేరీ మాన్‌స్టర్స్ అండ్ నైస్ స్ప్రైట్స్’ విడుదల చేశాడు. అంతకుముందు అతను రాక్ బృందంలో గాయకుడు. ఆ పాటలో గొంతుతో కట్టిన తియ్యటి రాగం, ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆపైన ఇనుప సామాను మెట్ల మీదుగా దొర్లినట్టు విరుచుకుపడే శబ్దం. ఆ విరుచుకుపడడాన్నే డ్రాప్ అంటారు. 140 వేగమూ ఉంది, మూడో దెబ్బ మీద స్నేరూ ఉంది. లేనిది ఖాళీ.

2011 జనవరిలో బ్రిట్నీ స్పియర్స్ పాట మధ్యలో వాబుల్ వచ్చింది. జులైలో డీజే ఫ్రెష్ ‘లౌడర్’ బ్రిటిష్ చార్టుల్లో మొదటి స్థానం కొట్టింది. మొట్టమొదటి డబ్‌స్టెప్ నంబర్ వన్ అని పేపర్లు రాశాయి. అది అసలు డబ్‌స్టెప్పేనా అని పాతవాళ్లు ముఖం చిట్లించారు. పైగా ఆ పాటను జనానికి ఎక్కించింది శక్తి పానీయం ప్రకటన. మరుసటి ఏడాది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ప్రకటనలో అలెక్స్ క్లేర్ పాట వాబుల్‌తో సహా మోగింది. ఎవరూ ఇష్టంగా వాడని బ్రౌజరును అమ్మడానికి పనికొచ్చిందంటే ఆ శబ్దం ఎంత ఇంటింటిదైపోయిందో ఊహించుకోవచ్చు.

పాతవాళ్లు తలా ఒక దారి పట్టారు. స్క్రీమ్, బెంగా, ఆర్ట్‌వర్క్ ముగ్గురూ మాగ్నెటిక్ మ్యాన్ పేరుతో 2010లో తామే చార్టుల్లోకి వెళ్లారు. ‘ఐ నీడ్ ఎయిర్’ మొదటి పదిలో నిలిచింది. లోఫా స్వాంప్81 లేబుల్ పెట్టి క్రమంగా 140 వేగాన్నే వదిలేశాడు. జేమ్స్ బ్లేక్ వంటి యువకులు చేసే నెమ్మది పాటలకు పత్రికలు ‘పోస్ట్-డబ్‌స్టెప్’ అని తగిలించాయి. అమెరికా చేరిన డబ్‌స్టెప్ కాలేజీ కుర్రాళ్ల మగతనపు ప్రదర్శనకు సరిపోయేలా తయారైందని 2011లో బ్లేక్ విసుక్కున్నాడు. ‘ఫ్యూచర్ గ్యారేజ్’, ‘బేస్ మ్యూజిక్’ అని ఇంకా ఎన్నో వచ్చాయి. వీటిలో చాలావాటికి ఒకే అర్థం: మేము వాళ్లం కాము.

ఇదంతా వట్టి అహం కాదు, తిండికి సంబంధించిన గొడవ కూడా. కరపత్రం మీద ‘డబ్‌స్టెప్’ అని పడితే వచ్చే జనం డ్రాప్ కోసం వస్తారు. ఖాళీని వాయించే డీజే ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. పేరు రాయకపోతే అసలు రారు. ఉన్న పేరు వాడితే తిట్లు, వాడకపోతే పస్తులు. అందుకని వాళ్లు ఎవరూ ప్రకటనలో వాడుకోలేని, ఎవరికీ ఆకర్షణ లేని పేరు పట్టుకున్నారు. అది 140 అనే వట్టి అంకె.

2012 ఫిబ్రవరిలో స్క్రిలెక్స్ ఒకేసారి మూడు గ్రామీలు గెలిచాడు. బహుమతి అందుకుంటూ, దీన్ని మొదలుపెట్టిన క్రాయ్‌డన్ కుర్రాళ్లకు కృతజ్ఞతలు చెప్పాడు. బిగ్ ఆపిల్ మూతపడి అప్పటికి ఎనిమిదేళ్లు. రెండో అధ్యాయం 2023 జనవరిలో వచ్చింది. ఫ్రెడ్ అగెయిన్‌తోను, లండన్ గ్రైమ్ గొంతు ఫ్లోడాన్‌తోను కలిసి స్క్రిలెక్స్ ‘రంబుల్’ విడుదల చేశాడు. 140 వేగం, మూడో దెబ్బ మీద స్నేరు, అడుగున బరువైన బేస్, చుట్టూ బోలెడంత ఖాళీ. పేరు పట్టుకుపోయాడని పదేళ్లు తిట్లు తిన్న మనిషి పాత ఇంటి తలుపు తట్టాడు. మరుసటి ఏడాది దానికీ గ్రామీ వచ్చింది. ఆ బహుమతి విభాగం పేరు ‘డాన్స్/ఎలక్ట్రానిక్ రికార్డింగ్’. అక్కడ అరలు అంత సన్నగా ఉండవు.