ఎర్రగీత చూసి కంగారు పడకండి: ప్రీవ్యూ ఫైళ్లపై అపోహలు - వాస్తవాలు

పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ మొదటి వారంలో నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, టైమ్‌లైన్ మీద ఎర్రగీత వచ్చింది. వీడియో పాడైందా?" టైమ్‌లైన్ అంటే క్లిప్పులను వరసగా పేర్చుకునే చోటు. నేను రోజూ పని చేసేది అడోబ్ ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

అపోహ: గీత పచ్చగా మారితేనే ఎక్స్‌పోర్ట్ (ఫైనల్ వీడియో ఫైల్) సరిగ్గా వస్తుంది.

వాస్తవం: ఆ గీత ఒక అంచనా మాత్రమే. ఎఫెక్టులన్నీ కలిపి ఫ్రేములను ముందే తయారు చేసి పెట్టడాన్ని రెండర్ అంటారు, అలా తయారైనదే ప్రీవ్యూ ఫైల్. ఎరుపంటే "ఈ ముక్కను రెండర్ చేయకపోతే ఆగి ఆగి ఆడొచ్చు" అని. పసుపంటే రెండర్ కాలేదు గానీ మామూలుగానే ఆడే అవకాశం ఉంది. పచ్చ అంటే ఆ ముక్కకు ప్రీవ్యూ ఫైల్ తయారై డిస్కులో ఉంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, మనం ప్రత్యేకంగా చెబితే తప్ప, సాఫ్ట్‌వేర్ ఈ ఫైళ్ల జోలికి పోదు. ఒరిజినల్ ఫుటేజ్ తీసుకుని ప్రతి ఫ్రేమునూ కొత్తగా తయారు చేస్తుంది. మూడు గంటల టైమ్‌లైన్ మొత్తాన్ని పచ్చగా చేయడానికి రాత్రంతా మేల్కొనే వాళ్లను చూశాను. ఆ నిద్ర చెడగొట్టుకోవాల్సిన పని లేదు.

మరి రెండర్ ఎప్పుడు కావాలి? మొన్న ఒక తలంబ్రాల ఘట్టం కట్ చేస్తున్నాను. 4కె క్లిప్, దాని మీద స్లో మోషన్, కలర్, మండపం చీకటిగా ఉందని నాయిస్ తగ్గించే ఎఫెక్ట్. డోలు దెబ్బ పడే చోటే బియ్యం గుప్పిట విడిచే ఫ్రేమ్ రావాలి. బొమ్మ ఆగి ఆగి ఆడుతుంటే కన్ను ఒకటి చూస్తుంది, చెవి ఒకటి వింటుంది. అలా పెట్టిన కట్ రెండు మూడు ఫ్రేములు అటో ఇటో జరుగుతుంది. ఆ 12 సెకన్లకు ఇన్, అవుట్ (మొదలు, చివర గుర్తులు) పెట్టి, రెండర్ కోసం ఎంటర్ కొట్టాను. రెండర్ అయ్యాక చూస్తే కట్ నిజంగానే మూడు ఫ్రేములు ఆలస్యంగా ఉంది. రెండర్ చేయాల్సింది ఇలాంటి చోట.

రంగుల కంటే నమ్మదగ్గ గుర్తు ఇంకొకటి ఉంది. ఎడిట్ ఆడి చూసుకునే ప్రోగ్రామ్ మానిటర్ కింద పానా గుర్తు నొక్కి డ్రాప్డ్ ఫ్రేమ్ ఇండికేటర్ ఆన్ చేయండి. చిన్న పచ్చచుక్క కనిపిస్తుంది. ఆడేటప్పుడు ఒక్క ఫ్రేమ్ వదిలేసినా అది పసుపవుతుంది. చుక్క పచ్చగానే ఉంటే, పైన గీత ఎర్రగా ఉన్నా రెండర్ అక్కర్లేదు.

అపోహ: ప్లేబ్యాక్ రిజల్యూషన్ 1/4 పెడితే ఫైనల్ వీడియో కూడా మసకగా వస్తుంది.

వాస్తవం: రాదు. అది స్క్రీన్ మీద ఆడేంతసేపే. ఆడేటప్పుడు మసకగా, ఆపగానే స్పష్టంగా కనిపిస్తే కంగారు పడకండి, ఆగినప్పటి రిజల్యూషన్‌కు వేరే సెట్టింగ్ ఉంది. ఫోకస్ చూసేటప్పుడు మాత్రం ఫుల్ పెట్టుకోండి.

అపోహ: ఎక్స్‌పోర్ట్‌లో యూజ్ ప్రీవ్యూస్ టిక్ పెడితే వేగమూ, క్వాలిటీ రెండూ పెరుగుతాయి.

వాస్తవం: వేగం పెరగొచ్చు. క్వాలిటీ పెరగదు, తగ్గే ప్రమాదమే ఎక్కువ. కొన్ని సీక్వెన్సుల్లో (ఒక్కో టైమ్‌లైన్‌ను సీక్వెన్స్ అంటారు) ప్రీవ్యూ ఫార్మాట్ ఐ-ఫ్రేమ్ ఓన్లీ ఎంపెగ్ అనే కుదించిన ఫార్మాట్‌గా ఉంటుంది. ఒకసారి కుదించిన బొమ్మను మళ్లీ కుదించడమే అవుతుంది. సీక్వెన్స్ సెట్టింగ్స్‌లో ప్రీవ్యూను, తక్కువగా కుదించి క్వాలిటీ నిలిపే ప్రోరెస్ 422 ఫార్మాట్‌కి మార్చుకుంటే ఆ టిక్ వాడుకోవచ్చు. దానికి డిస్క్ సిద్ధంగా ఉండాలి. 1080 సైజులో, సెకనుకు 25 ఫ్రేములతో ప్రోరెస్ 422 గంటకు సుమారు 55 జీబీ తింటుంది.

అపోహ: ప్రీవ్యూ ఫైళ్లు తీసేస్తే ఫుటేజ్ పోతుంది.

వాస్తవం: పోదు. కానీ ఏ ఫోల్డర్ తీస్తున్నామో చూసుకోవాలి. రెండేళ్ల కింద మాతో పనిచేసే తమ్ముడు, డిస్క్ నిండిపోయిందని ప్రాజెక్ట్ ఫైల్ పక్కనున్న ఫోల్డర్లన్నీ తీసేశాడు. ప్రీవ్యూలు పోయినందుకు నష్టమేమీ లేదు. పచ్చగీతలు మళ్లీ ఎర్రబడ్డాయి, అంతే. కానీ వాటితో పాటు మోషన్ గ్రాఫిక్స్ టెంప్లేట్ మీడియా అనే ఫోల్డర్ కూడా పోయింది. వధూవరుల పేర్ల టైటిళ్లన్నీ ఆఫ్‌లైన్, అంటే వాటి ఫైళ్లు సాఫ్ట్‌వేర్‌కి దొరకలేదు. ఆటో సేవ్ ఫోల్డర్ కూడా లేదు. పెళ్లివారు మర్నాడు పొద్దున చూడ్డానికి వస్తున్నారు. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. టైటిళ్లన్నీ మళ్లీ పెట్టేసరికి తెల్లారింది.

అందుకే ఫోల్డర్లలోకి వెళ్లకుండా సీక్వెన్స్ మెనూలోని డిలీట్ రెండర్ ఫైల్స్‌తోనే తీయండి. ఫోల్డర్‌లోకే వెళ్లాల్సి వస్తే పేరులో వీడియో ప్రీవ్యూస్, ఆడియో ప్రీవ్యూస్ అని ఉన్నవి తప్ప మరొకటి ముట్టుకోవద్దు.

మీడియా క్యాష్ వేరే సంగతి. ఆడియో తరంగాలు త్వరగా చూపించడానికి, క్లిప్పులు తొందరగా తెరవడానికి సాఫ్ట్‌వేర్ తనకోసం రాసుకునే ఫైళ్లవి. మామూలుగా అవి సీ డ్రైవ్‌లో పేరుకుంటాయి. ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్ తీసేసినా ప్రీవ్యూలు పోవు, ప్రీవ్యూలు తీసేసినా క్యాష్ తగ్గదు. "అన్నీ డిలీట్ చేశా, సీ డ్రైవ్ ఇంకా ఎర్రగానే ఉంది" అనేవాళ్లలో చాలామంది ఒకటి తీసి రెండోది మర్చిపోయినవాళ్లే.

పని అప్పగించాక నేను దాచే డిస్కులోకి ప్రీవ్యూలు, క్యాష్ రెండూ వెళ్లవు. ఫుటేజ్, ప్రాజెక్ట్ ఫైల్, ఆటో సేవ్, టైటిళ్ల ఫోల్డర్, పాటలు, ఫైనల్ ఎక్స్‌పోర్ట్ వెళ్తాయి. ఏడాది తర్వాత పెళ్లివారు ఏదో మార్పు అడిగితే గీత ఎర్రగా కనిపిస్తుంది. అవసరమైన నాలుగు ముక్కలకు ఎంటర్ కొట్టుకుంటే చాలు.