ఒక రికార్డు, రెండు బ్యాండ్లు: నేపామ్ డెత్ తొలినాళ్లు

ఇంగ్లండ్ మెటల్ బ్యాండ్ నేపామ్ డెత్ ‘స్కమ్’ ఆల్బమ్‌లో 28 పాటలున్నాయి. సీడీలో వినేవాళ్లు 12వ పాట అయ్యాక కాస్త చెవి ఒగ్గాలి. గొంతు, గిటార్, బేస్ మూడూ మారిపోతాయి. ఎల్పీలో, అంటే రెండువైపులా పాటలుండే పాత రికార్డులో, ఎ సైడ్ అయిపోయేది అక్కడే. రెండువైపులా వాయించింది డ్రమ్మర్ మిక్ హారిస్ ఒక్కడే.

ఈ బ్యాండ్‌ని 1981లో ఇంగ్లండ్‌లోని మెరిడెన్ అనే పల్లెలో నిక్ బుల్లెన్, మైల్స్ రాట్లెడ్జ్ మొదలుపెట్టారు. ఇద్దరూ బడికెళ్లే పిల్లలే. అప్పటికి వాళ్లది పంక్ (గరుకుగా, వేగంగా సాగే రాక్), మెటల్ కాదు. 1985లో జస్టిన్ బ్రాడ్రిక్ గిటార్ పట్టాడు, ఆ ఏడాది చివర్లో రాట్లెడ్జ్ బదులు హారిస్ వచ్చాడు. బర్మింగ్‌హామ్‌లోని మెర్మెయిడ్ పబ్ వాళ్ల అడ్డా.

అసలు మలుపు హారిసే. అతను వాయించిన బ్లాస్ట్ బీట్ అనే అతివేగపు దరువులో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) మీద కాలు, సింబల్ (ఇత్తడి పళ్లెం) మీద కుడిచెయ్యి ఒకేసారి పడతాయి. వాటి సందుల్లో ఎడమచెయ్యి స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద పడుతుంది. చెప్పడం తేలికే. ఎడమచెయ్యి అలిసిందా, స్నేర్ దెబ్బ పల్చబడి మొత్తం గిటార్ రొదలో కలిసిపోతుంది.

1986 ఆగస్టులో బర్మింగ్‌హామ్ రిచ్ బిచ్ స్టూడియోలో బుల్లెన్, బ్రాడ్రిక్, హారిస్ ముగ్గురూ ఎ సైడ్‌లోని 12 పాటలు రికార్డు చేశారు. పన్నెండోది, ‘యు సఫర్’, సెకను పైచిలుకు మాత్రమే. తర్వాత బ్రాడ్రిక్ డ్రమ్స్ వాయించడానికి హెడ్ ఆఫ్ డేవిడ్ బ్యాండ్‌లోకి వెళ్లాడు. ఏడాది తిరిగేలోగా బుల్లెన్ కూడా తప్పుకున్నాడు. మిగిలింది టేపూ, డ్రమ్మరూ!

బి సైడ్‌లోని 16 పాటలు 1987 మేలో రికార్డయ్యాయి. పాడింది కవెంట్రీలో కచేరీలు ఏర్పాటు చేసే లీ డోరియన్, గిటార్ కార్కస్ బ్యాండ్ బిల్ స్టీర్, బేస్ జిమ్ వైట్లీ. రెండు సైడ్లనూ కలిపి నాటింగ్‌హామ్ కంపెనీ ఇయరేక్ ఆ ఏడే విడుదల చేసింది. వెంటనే వైట్లీ వెళ్లాడు, బేస్‌కి షేన్ ఎంబరీ వచ్చాడు. ఈ రోజుకీ బ్యాండ్‌కి వెన్నెముక ఎంబరీయే, కానీ ‘స్కమ్’లో అతని బేస్ లేదు.

1989లో స్టీర్ కార్కస్‌కే పరిమితమయ్యాడు, డోరియన్ కెథెడ్రల్ అనే బ్యాండ్ పెట్టుకున్నాడు. పాడటానికి బెనెడిక్షన్ బ్యాండ్ నుంచి బార్నీ గ్రీన్‌వే, గిటార్‌కి అమెరికా నుంచి జెస్సీ పింటాడో, మిచ్ హారిస్ చేరారు. 1990 ఆల్బమ్ ‘హార్మనీ కరప్షన్’ ఫ్లోరిడాలోని మోరిసౌండ్ స్టూడియోలో, నిర్మాత స్కాట్ బర్న్స్ చేతిలో తయారైంది. అచ్చమైన డెత్ మెటల్ (మెటల్‌లో మరీ బరువైన రకం) సౌండ్ అది. పాత పంక్ గరుకుదనం అందులో వెతికినా దొరకదు.

1991లో మిక్ హారిస్ కూడా బయటికొచ్చి, బుల్లెన్‌తో కలిసి స్కార్న్ అనే బ్యాండ్ మొదలుపెట్టాడు. 1992లో వచ్చిన దాని మొదటి ఆల్బమ్‌లో గిటార్ బ్రాడ్రిక్‌ది. ‘స్కమ్’ ఎ సైడ్ ముగ్గురూ మళ్లీ కలిశారు, నేపామ్ డెత్ బయట.