రైఫిల్ తూటా ఎంపిక: అపోహలు - వాస్తవాలు

"ఏ క్యాలిబర్ తీసుకోమంటారు?" రైఫిల్ నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చేవాళ్ళు మొదట అడిగేది ఇదే. క్యాలిబర్ అంటే బారెల్, బుల్లెట్ ఎంత లావన్న కొలత, మాటల్లో తూటా రకం. దేని మీద కాలుస్తారు, ఎంత దూరంలో కాలుస్తారు అని నేను తిరిగి అడుగుతాను. చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఎక్కడో విన్న మాటలు మాత్రం అప్పటికే మనసులో గట్టిగా నాటుకుపోయి ఉంటాయి. వాటిలో ఎక్కువ నష్టం చేసేవాటి గురించి రాస్తున్నాను.

ముందు ఒక చిన్న విషయం. మాటల్లో తూటా, బుల్లెట్ రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తాం. ఇక్కడ తూటా అంటే మొత్తం కార్ట్రిడ్జ్: ఇత్తడి కేస్, లోపల తుపాకీ మందు, అడుగున ఆ మందును అంటించే ప్రైమర్, కొసన బుల్లెట్. బారెల్ దాటి ఎగిరేది బుల్లెట్ ఒక్కటే. సగం అపోహలు ఈ రెండింటినీ కలిపేయడం వల్లే పుడతాయి.

అపోహ: పేరులో అంకె పెద్దదైతే తూటా బలమైనది

పేరు కొలత కాదు. .30-06లో 06 అంటే 1906వ సంవత్సరం. .30-30లో రెండో 30 అప్పట్లో నింపిన మందు బరువు, గ్రెయిన్లలో (ఒక గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు). .308 విన్‌చెస్టర్‌లో 308 అన్నది బుల్లెట్ వ్యాసం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. అదే లావు బుల్లెట్ .30-06లోనూ, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌లోనూ ఉంటుంది. తేడా అంతా వెనకున్న మందులోనే, మ్యాగ్నమ్ అంటే ఆ మందు ఎక్కువ పట్టే తూటా. 6.5 క్రీడ్‌మూర్ బుల్లెట్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి చూడండి, 6.5 రాదు, 6.7 మిల్లీమీటర్లు వస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయి కదా అని ఒకదాని తూటా ఇంకోదాని ఛాంబర్‌లో పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. బారెల్ మీద చెక్కిన పేరు, డబ్బా మీది పేరు అక్షరం పొల్లు పోకుండా కలవాలి.

అపోహ: పెద్ద తూటా తగిలితే జంతువు ఎగిరి పడుతుంది

లెక్క వేసి చూద్దాం. .308 నుంచి 11 గ్రాముల బుల్లెట్ సెకనుకు 790 మీటర్ల వేగంతో వెళ్ళి, వంద కిలోల జంతువులో ఆగిపోయిందనుకోండి. ఆ దెబ్బకు జంతువుకు వచ్చే వేగం సెకనుకు 9 సెంటీమీటర్లు కూడా ఉండదు. మనం నెమ్మదిగా నడిచినా అంతకు పది రెట్లు ఉంటుంది. అంత తోపుడు బుల్లెట్‌లో ఉంటే రైఫిల్ కూడా మనల్ని అలాగే ఎగరేసేది.

జంతువు కూలేది గుండె, ఊపిరితిత్తులు దెబ్బతిని రక్తపోటు పడిపోయినప్పుడు, లేదా మెదడుకో వెన్నుపాముకో దెబ్బ తగిలినప్పుడు. అందుకే బుల్లెట్ ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు దిగింది, లోపల ఎలా విచ్చుకుంది అన్నవే ముఖ్యం. వేటగాడు జిమ్ కార్బెట్ ఎంతో ఇష్టంగా వాడిన .275 రిగ్బీ, పాత 7×57 మౌజర్ తూటాకు మరో పేరు, అంతే. ఈనాటి మ్యాగ్నమ్‌ల పక్కన అది చిన్నదే.

ఇది విని చిన్న తూటా దేనికైనా చాలని అనుకుంటే అది ఇంకో అపోహ. ఆఫ్రికాలో కరమోజో బెల్ అనే వేటగాడు వెయ్యికి పైగా ఏనుగులను, ఎక్కువ భాగం ఆ 7 మి.మీ. తూటాతోనే కొట్టాడు. కానీ ఆయన ఏనుగు తలను కోయించి, మెదడు ఎక్కడుందో ఏ కోణం నుంచైనా చెప్పగలిగేలా చదువుకున్నాడు. విచ్చుకోని గట్టి బుల్లెట్లు వాడాడు. ఈ రోజు ఆఫ్రికాలో చాలా దేశాలు ప్రమాదకరమైన జంతువులకు కనీసం .375 ఉండాలని చట్టంలోనే రాశాయి. వేటను చట్టం అనుమతించే చోట కూడా తూటా ఎంపిక ముందుగా ఆ చట్టం చదవడంతోనే మొదలవ్వాలి.

అపోహ: మ్యాచ్ (టార్గెట్ పోటీల) బుల్లెట్ అంత గురిగా వెళుతుంది కదా, వేటకూ అదే మంచిది

దీని మీద నేను గట్టిగానే మాట్లాడతాను, ఎందుకంటే తప్పు చేసేది మనం, బాధ పడేది జంతువు. మ్యాచ్ బుల్లెట్ ముక్కున కనిపించే సన్నటి రంధ్రం విచ్చుకోవడానికి పెట్టింది కాదు. రాగి తొడుగును అడుగు నుంచి ముక్కు వైపు లాగి తయారుచేస్తారు కాబట్టి అక్కడ ఆ రంధ్రం మిగిలిపోతుంది. అలాంటి బుల్లెట్ ఒంట్లోకి వెళ్ళాక ఒకసారి సూదిలా దూసుకుపోతుంది, ఇంకోసారి పైపైనే ముక్కలైపోతుంది. ఏది జరుగుతుందో ముందే చెప్పలేం.

వేట బుల్లెట్‌కూ హద్దు ఉంది. చాలా రకాలు సరిగ్గా విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు సెకనుకు సుమారు 550 మీటర్ల వేగమైనా ఉండాలి. కచ్చితమైన అంకె తయారీదారు ఇస్తాడు. మీ బుల్లెట్ ఏ దూరంలో ఆ వేగానికి పడిపోతుందో అక్కడితో దాని వేట దూరం అయిపోయినట్టే, దాని అవతల ఇనుప పలకను మీరు ఎన్నిసార్లు మోగించినా సరే. ఇంకోటి, 500 మీటర్లు వెళ్ళడానికి బుల్లెట్‌కు ముప్పావు సెకను దాకా పడుతుంది. మేస్తున్న జంతువు ఒక అడుగు వేయడానికి అంత సమయం చాలు. గుండెకు పెట్టిన గురి పొట్టలో పడుతుంది. అందుకే జంతువు మీద 300 మీటర్లు దాటి కాల్చొద్దనే నేను చెబుతాను.

అపోహ: వేగం ఎక్కువైతే గాలి తోపు తక్కువ

.22 రిమ్‌ఫైర్ షూటర్లకు ఇది తప్పని బాగా తెలుసు. ధ్వని వేగం కన్నా కాస్త తక్కువలో వెళ్ళే మామూలు మ్యాచ్ తూటా కన్నా, ధ్వనిని మించి బయల్దేరే హై వెలాసిటీ తూటానే 100 మీటర్ల దగ్గర గాలికి ఎక్కువ పక్కకు పోతుంది. గాలి తోపు బుల్లెట్ ఎంతసేపు ఎగిరిందన్న దాన్ని బట్టి ఉండదు, గాలి నిరోధం వల్ల ఎంత ఆలస్యమైందన్న దాన్ని బట్టి ఉంటుంది. వేగంగా బయల్దేరి ఆ వేగాన్ని దారిలోనే పోగొట్టుకునే బుల్లెట్ ఎక్కువ నష్టపోతుంది.

అందుకే లాంగ్ రేంజ్ వాళ్ళు బాలిస్టిక్ కోఎఫిషెంట్ చూస్తారు. అది ఎంత ఎక్కువైతే బుల్లెట్ వేగాన్ని అంత బాగా నిలుపుకుంటుంది. 1952లో వచ్చిన .308తో 175 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్‌తో 140 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ తీసుకోండి. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలిలో 1000 గజాల దగ్గర మొదటిది సుమారు రెండున్నర మీటర్లు పక్కకు పోతే, రెండోది 1.7 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. రెండో బుల్లెట్ తేలికైనదే, కానీ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. క్రీడ్‌మూర్ కేస్‌ను కాస్త పొట్టిగా చేసింది కూడా అంత పొడుగు బుల్లెట్ .308 పట్టే మ్యాగజైన్‌లో పట్టడానికే. ఆలోచన కొత్తదేం కాదు, 1890ల నాటి స్వీడిష్ 6.5×55 ఇదే దారిలో నడిచింది.

అపోహ: బుల్లెట్ బారెల్ దాటాక పైకి లేస్తుంది

లేవదు. బారెల్ చూపే గీత నుంచి చూస్తే, బయటపడ్డ క్షణం నుంచీ కిందికే పడుతుంది. స్కోప్ చూపు గీతకు బారెల్‌ను కొంచెం పైకి ఎత్తి బిగిస్తాం కాబట్టి అలా అనిపిస్తుంది.

అపోహ: బరువైన బుల్లెట్ ఏ బారెల్‌లోనైనా బాగుంటుంది

ఒకసారి ఒక షూటర్ .223 రెమింగ్టన్‌కు 77 గ్రెయిన్ల మ్యాచ్ తూటాలు తెచ్చాడు. ఖరీదైనవి, పేరున్నవి. 50 మీటర్ల దగ్గర పెట్టిన కాగితం తీసుకొచ్చి ఇద్దరం చూశాం. గుండ్రని రంధ్రాలు లేవు. ఒక్కోటి తాళంచెవి రంధ్రంలా కోలగా చీలింది, ఒకదాని పక్కన బుల్లెట్ ఒంటి అచ్చు మొత్తం పడింది. బుల్లెట్లు ముక్కుతో వెళ్ళడం లేదు, పల్టీలు కొడుతూ పక్క ఒంటితో తగులుతున్నాయి. బారెల్ మీద చూస్తే 1:12 అని ఉంది, అంటే లోపలి మరలు 12 అంగుళాలకు ఒక చుట్టు. ఆ తిప్పుడు 55 గ్రెయిన్ల పొట్టి బుల్లెట్‌కు సరిపోతుంది. అంత పొడుగు బుల్లెట్‌కు 1:8 లాంటిది కావాలి. రైఫిల్‌లో తప్పు లేదు, తూటాలో తప్పు లేదు, జోడీ కుదరలేదు. తూటా కొనే ముందు బారెల్ మీది ఆ అంకె చూసుకోండి.

అపోహ: మూడు షాట్లు ఒకే చోట పడితే అది మన తూటా

మూడు షాట్లు అదృష్టం కొద్దీ కూడా కలుస్తాయి. పది కాల్చి చూడండి. వీలైతే క్రోనోగ్రాఫ్‌తో వేగాలూ కొలవండి. తూటాకు తూటాకు సెకనుకు 10 మీటర్లు తేడా ఉంటే 100 మీటర్ల దగ్గర ఏమీ తెలియదు. 1000 గజాల దగ్గర .308తో ఎత్తులోనే పావు మీటరు పైచిలుకు తేడా వస్తుంది.

అపోహ: మ్యాగ్నమ్ తీసుకుంటే అన్నిటికీ పనికొస్తుంది

ఒకాయన .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌తో వచ్చారు. షాట్లు ఎడం కిందికి పోతున్నాయి, స్కోప్ పాడైందని ఆయన నమ్మకం. ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు మ్యాగజైన్‌లో తూటాల మధ్య ఒక డమ్మీ, అంటే పేలని తూటా, పెట్టాను. రెండు షాట్లు పేలాయి. మూడోసారి ట్రిగ్గర్ లాగితే క్లిక్‌మంది, అంతే. కానీ బారెల్ మూతి మాత్రం జానెడు కిందికి దిగిపోయింది, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ తూటా 6.5 క్రీడ్‌మూర్‌కన్నా దాదాపు రెట్టింపు వెనక్కి తంతుంది. రాబోయే దెబ్బ టెన్షన్‌తో ఒళ్ళు ముందే బిగుసుకుంటుంది, అది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. బారెల్ కూడా త్వరగా అరుగుతుంది. మంచి గురి నిలిచేది మ్యాగ్నమ్‌లో సుమారు వెయ్యి, పదిహేను వందల షాట్ల దాకా, .308లో ఐదు వేల దాకా కూడా. సాధన ఎక్కువ కావలసిన మనిషికే సాధన తక్కువ చేయించే తూటా అది. వేటకూ టార్గెట్‌కూ ఒకే రైఫిల్ అంటే నేను .308 గానీ 6.5 క్రీడ్‌మూర్ గానీ చెబుతాను, బుల్లెట్ మాత్రం పనిని బట్టి మార్చుకోమంటాను.

ఆయన మ్యాగ్నమ్‌ను బీరువాలో పెట్టి .223 పట్టారు. ఆరు నెలల తర్వాత ఆ మ్యాగ్నమ్ మళ్ళీ తీసుకొచ్చినప్పుడు, చెప్పకుండా ఇంకో డమ్మీ పెట్టాను. క్లిక్‌మంది. మూతి కదల్లేదు.