నీరు చొరని పదార్థాలు: ఎంత నెమ్మదైతే చాలు?

ఇసుకలో ఖాళీ ఎక్కువా, బంకమట్టిలోనా? చాలామంది ఇసుకనే అంటారు. కానీ ఇసుకలో ఖాళీ సుమారు మూడో వంతైతే, మెత్తటి బంకమట్టిలో సగం దాకా ఉండొచ్చు. అయినా ఇసుక మీద పోసిన నీరు చూస్తుండగానే ఇంకిపోతుంది, బంకమట్టి మీద పోసింది నిలబడుతుంది.

కిటుకంతా సందుల సైజులో ఉంది. బంకమట్టి రేణువులు 2 మైక్రోమీటర్ల కన్నా చిన్న పలకలు. సందును సన్నని గొట్టమనుకుంటే, దాని వ్యాసం పదో వంతుకు తగ్గితే, అదే ఒత్తిడికి పారే నీరు పదివేలో వంతుకు పడిపోతుంది. సందులు ఎన్ని ఉన్నా ఆ నష్టం పూడదు.

ఫ్రాన్స్‌లో హెన్రీ డార్సీ అనే ఇంజనీరు ఇసుక పొరల్లోంచి నీరు దిగే వేగాన్ని కొలిచి, 1856లో ఒక సూత్రం ప్రచురించాడు. నీరు తన బరువుతోనే దిగుతుందనుకుని ఆ సూత్రంతో లెక్క వేస్తే, ఇసుకలో రోజుకు కొన్ని మీటర్ల ఎత్తు నీరు దిగిపోతుంది. చెత్త గుంతల అడుగున కుదించి పరిచే బంకమట్టిలో ఏడాదికి మూడు సెంటీమీటర్లే. అపారగమ్యం, అంటే నీరు చొరనివి, అని మనం పిలిచేవాటిలో చాలావరకు ఇలా బహు నెమ్మదైనవే.

భూగర్భంలో చమురును పట్టి ఉంచేది పైనున్న షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాయి) లేదా ఉప్పు పొర. షేల్ సందుల్లో అప్పటికే నీరుంటుంది. దాన్ని తోసుకుంటూ వెళ్లే ఒత్తిడి చమురుకు చాలదు. మొక్కల ఉపాయం నాకు ఇంకా ముచ్చటగా అనిపిస్తుంది. వేరు లోపలి కణాల గోడల్లో కాస్పారియన్ పట్టీ అనే నీరు చొరని బంధం ఉంటుంది. కణాల మధ్య సందుల్లోంచి దూరిపోకుండా అది నీటిని ఆపుతుంది. దాంతో నీరూ లవణాలూ కణపొరను దాటే వెళ్లాలి, ఏవి రావాలో అక్కడ వడపోత జరుగుతుంది.

మట్టి ఆనకట్టలు కట్టేవాళ్లు బంకమట్టిని పూర్తిగా నమ్మరు. మధ్యలో బంకమట్టి గోడ కట్టి, దాని వెనక ఇసుక వడపోత పొర వేస్తారు. ఊట వస్తే రానీ, మట్టిని మాత్రం కొట్టుకుపోనివ్వకూడదన్నదే వాళ్ల పట్టుదల. 1976 జూన్ 5న అమెరికాలోని ఐడహోలో టీటన్ ఆనకట్ట, జలాశయం మొదటిసారి నిండుతుండగానే తెగిపోయింది. పగుళ్ల రాతిలోంచి దారి చేసుకున్న నీరు లోపలి మట్టిని తొలిచేసింది. 11 మంది చనిపోయారు.

ఫిన్లాండ్‌లోని ఓంకాలోలో వాడేసిన అణు ఇంధనాన్ని రాతిలో 400 మీటర్లకు పైగా లోతున పూడ్చే ఏర్పాటు ఉంది. అక్కడ రాగి డబ్బాల చుట్టూ బెంటొనైట్ అనే ఒక రకం బంకమట్టి దట్టిస్తారు. తడి తగిలితే బెంటొనైట్ ఉబ్బి, తన సందుల్ని తానే మూసుకుంటుంది.