శిలువ కోసం నీటిలోకి: టార్పన్ స్ప్రింగ్స్ గ్రీకుల పండుగ నేపథ్యం

ఏటా జనవరి 6న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, టార్పన్ స్ప్రింగ్స్ అనే చిన్న పట్టణంలోని స్ప్రింగ్ బయూ అనే చిన్న జలాశయం ఒడ్డున వేల మంది గుమికూడతారు. సెయింట్ నికొలస్ కెథెడ్రల్‌లో ప్రార్థనలు ముగిశాక 16 నుంచి 18 ఏళ్ల కుర్రవాళ్లు తెల్ల చొక్కాలతో, చెప్పుల్లేని కాళ్లతో ఊరేగింపుగా నడిచివచ్చి, నీటిలోకి దిగి, అర్ధచంద్రాకారంలో నిలిపి ఉంచిన చిన్న పడవల్లోకి ఎక్కుతారు. ఒక బాలిక చేతిలోని తెల్ల పావురాన్ని వదులుతుంది. ఆర్చ్‌బిషప్ తెల్లని శిలువను నీటిలోకి విసురుతారు. ఆ క్షణంలోనే అందరూ ఒక్కసారిగా దూకుతారు. శిలువ దొరికినవాడు తడి బట్టలతోనే మోకరిల్లి దీవెన అందుకుంటాడు. తోటివాళ్లు అతణ్ణి భుజాల మీద ఎత్తుకుని గుడికి తీసుకువెళతారు.

యోర్దాను నదిలో యేసు బాప్తిస్మం పొందిన రోజుగా ఆర్థడాక్స్ క్రైస్తవులు ఈ పండుగను జరుపుకుంటారు. శిలువను నీటిలో వేసి జలాలను ఆశీర్వదించడం గ్రీకు రేవులన్నింటిలో ఉన్న ఆచారమే. అయితే, ఈ ఊరిలో అది ఇంత పెద్ద వేడుకగా నిలబడటానికి కారణం మతం ఒక్కటే కాదు. నీట మునగడమే ఇక్కడి గ్రీకులకు అన్నం పెట్టిన విద్య.

ఆ విద్య స్పాంజిల కోసం నేర్చినది. మన సైన్సు పుస్తకాల్లో స్పంజికలుగా చదువుకున్న సముద్ర జీవులే ఇవి. నీటిలోంచి తీసినప్పుడు నల్లటి జిగురు పొరతో, దుర్వాసనతో ఉంటాయి. తడి గోతాల కింద కొన్నాళ్లు ఉంచి, మెత్తబడిన పొరను గీకి, పదే పదే కడిగితే, చివరికి మిగిలే లేత పసుపు రంగు అస్థిపంజరమే సంతలో అమ్ముడుపోయే స్పాంజి. 1890ల మొదట్లో జాన్ చేనీ ఈ వ్యాపారాన్ని టార్పన్ స్ప్రింగ్స్‌లో మొదలుపెట్టాడు. అప్పట్లో పడవలోంచి అద్దం అడుగున్న బకెట్‌తో నీటిలోకి చూస్తూ, పొడవాటి గెడకు బిగించిన కొక్కెంతో స్పాంజిని పీకేవారు. గెడ అందినంత లోతు వరకే వేట సాగేది.

చేనీ దగ్గర పనిచేసిన జాన్ కొకోరిస్ అనే గ్రీకు వ్యాపారి ఆ పరిమితిని గుర్తించాడు. రాగి శిరస్త్రాణం, రబ్బరు దుస్తులు, పడవ మీది పంపు నుంచి గాలి తెచ్చే గొట్టం ఉంటే అంతకంటే ఎంతో లోతుకు దిగవచ్చని తన దేశపు అనుభవం వల్ల అతనికి తెలుసు. 1905లో గ్రీకు డైవర్లను రప్పించాడు. వారి వెనుకే కాలిమ్నోస్, సిమీ, హాల్కి దీవుల నుంచి వందల మంది తరలివచ్చారు. ఆ దీవులు అప్పటికింకా ఒట్టోమన్ పాలనలో ఉన్నాయి. రాతి నేలలో పంట పండని అక్కడి జనానికి సముద్రమే పొలం. వారు వచ్చిన మరుసటి ఏడాది, 1906లోనే, శిలువ పండుగ మొదలైంది. మొదటి గుడి 1907లో గానీ కట్టుకోలేదు. ఈ వరుస గమనించదగ్గది: గోడలూ కప్పూ లేకముందే పండుగ ఉంది. నెలల తరబడి సముద్రం మీద ఉండే పడవలు ఈ పండుగ నాటికి రేవుకు చేరేలా ప్రయాణాలు కుదుర్చుకునేవి. గుడికి నావికుల రక్షకుడైన సెయింట్ నికొలస్ పేరే పెట్టుకున్నారు.

ఆ రక్షణ కోరుకోవడానికి బలమైన కారణమే ఉంది. లోతు నుంచి వేగంగా పైకి వచ్చిన డైవర్ రక్తంలో నత్రజని బుడగలు ఏర్పడతాయి. అది ఎందరినో చంపింది, ఇంకెందరినో అవిటివారిని చేసింది. కాలిమ్నోస్‌లో పుట్టిన 'మిహానికోస్' నాట్యంలో ముందు నిలిచినవాడు అలా అవిటివాడైన డైవర్‌ను అనుకరిస్తూ కర్ర ఊతంగా, వణికే కాళ్లతో అడుగులు వేస్తాడు. పక్కనున్నవారు లయ తప్పకుండా ఆడుతూనే ఉంటారు. ఒక జాతి తన గాయాన్ని దాచుకోకుండా ఇలా పండుగ నాట్యంలోనే నిలుపుకోవడం నాకు ఎంతో గౌరవించదగినదిగా కనిపిస్తుంది.

వ్యాపారం మాత్రం నిలవలేదు. 1947 ప్రాంతంలో విషపు నాచు విజృంభించిన 'రెడ్ టైడ్' మెక్సికో అఖాతంలోని స్పాంజి క్షేత్రాలను తుడిచిపెట్టింది. అదే కాలంలో కృత్రిమ స్పాంజిలు చౌకగా బజారులోకి వచ్చాయి. 1980లలో మధ్యధరా స్పాంజిలకు తెగులు సోకడంతో ఇక్కడి సరుకుకు మళ్లీ గిరాకీ వచ్చినా, పాత వైభవం తిరిగి రాలేదు. కొందరు రొయ్యల వేటకు, మరికొందరు హోటళ్లకూ దుకాణాలకూ మళ్లారు. పండుగ మాత్రం ఆగలేదు. 1943లో కొత్త కెథెడ్రల్ వెలిసింది. 2006లో శతాబ్ది వేడుకకు ఆర్థడాక్స్ క్రైస్తవుల అగ్ర మతగురువు, ఎక్యుమెనికల్ పేట్రియార్క్ బర్తొలొమ్యూ స్వయంగా వచ్చారు.

పండుగతో పాటు పనితనమూ తరాలు దాటింది. ఆంటోనియోస్ లెరియోస్ వద్ద రాగి శిరస్త్రాణాల తయారీ నేర్చుకున్న ఆయన మనవడు నికొలస్ టోత్‌కు 2003లోనూ, కాలిమ్నోస్ తోలుతిత్తి వాద్యం 'త్సాబూనా' వాయించిన నికితాస్ త్సిమూరిస్‌కు 1991లోనూ అమెరికా జాతీయ వారసత్వ పురస్కారం లభించింది. 2014లో ఈ గ్రీకు పేట చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేరింది. ఫ్లోరిడాలో సంప్రదాయ సాంస్కృతిక స్థలంగా ఆ గుర్తింపు పొందిన మొదటి ప్రాంతం ఇదే. అక్కడ లెక్కలోకి వచ్చినవి పాత కట్టడాలు మాత్రమే కావు: స్పాంజిలు ఆరబెట్టే రేవు, గుడి, కాఫీ దుకాణాలు, జనవరిలో కుర్రవాళ్లు దూకే ఆ నీళ్లు కూడా.