పిల్లి కోసం పూలకుండీ ఫౌంటెన్

మా పిల్లి పేరు బూడిద. గిన్నెలో నీళ్లు పెడితే ముందు ముంగాలు ముంచుతుంది. ఆ కాలు విదిలించి, తడి పాదాన్ని రెండుసార్లు నాకి, గిన్నెను అక్కడే వదిలేసి బాత్‌రూమ్ కొళాయి కింద కూర్చుంటుంది. కొళాయి తిప్పేదాకా అరుపులే. "దాహం వేస్తే అదే తాగుతుందిలే, దాని వెనక తిరగకు" అంటుంది మా అమ్మ. కుక్క విషయంలో ఆ మాట చాలావరకు నిజం. పిల్లి విషయంలో అలా ధీమాగా ఉండలేం.

ఇంటి పిల్లుల పూర్వీకులు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియాల పొడి నేలల్లో తిరిగిన అడవి పిల్లులు. ఎలుకల్ని తినేవి. ఎలుక ఒంట్లో సుమారు 70 శాతం నీరే కాబట్టి తిండితోనే సగం దాహం తీరేది. ఒంట్లో నీరు తగ్గినా వాటి కిడ్నీలు మూత్రాన్ని బాగా చిక్కబరిచి నెట్టుకొస్తాయి. అందుకే పిల్లికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. మనమేమో దానికి డ్రై ఫుడ్ పెడతాం. అందులో నీరు 10 శాతం దాకానే. 4 కిలోల పిల్లికి తిండితో కలిపి రోజుకు దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. 60 గ్రాముల డ్రై ఫుడ్ తింటే అందేది 6 మిల్లీలీటర్లే. మిగతాదంతా అది తాగాలి.

ఎలా తాగుతుందో చూస్తే ఇంకా ఆశ్చర్యం. అప్పట్లో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రోమన్ స్టాకర్ ఒకరోజు టిఫిన్ చేస్తూ తన పిల్లి నీళ్లు తాగడం గమనించారు. ఆయన, మరో ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ దృశ్యాన్ని హైస్పీడ్ కెమెరాతో తీసి, 2010లో 'సైన్స్' పత్రికలో వివరించారు. పిల్లి నాలుకతో నీటిని తోడుకోదు. నాలుక కొసను నీటి మీద అలా ఆనించి చటుక్కున పైకి లాగుతుంది. నాలుక వెంటే సన్నని నీటి స్తంభం లేస్తుంది. లేచిన ఊపు దాన్ని పైకి, బరువు కిందికి లాగుతుంటే, స్తంభం తెగిపోయే లోపే పిల్లి నోరు మూసి పై భాగాన్ని అందుకుంటుంది. ఇదంతా సెకనుకు సుమారు 4 సార్లు. ఒక్కోసారి నోట్లోకి వెళ్లేది మిల్లీలీటరులో పదో వంతు. అంటే 100 మిల్లీలీటర్లు తాగాలంటే వెయ్యిసార్లు నాలుక ఆడించాలి, నాలుగు నిమిషాలకు పైగా తల వంచి ఉండాలి. ఆ కాసేపు భయం లేని చోటు, చప్పుడు లేని నీళ్లు దొరకాలి దానికి.

ముంగాలు ముంచడానికీ కారణం ఉండాలి. పిల్లి కంటికి ముక్కు దగ్గరి వస్తువులు, సుమారు 25 సెంటీమీటర్ల లోపువి, మసకగా కనిపిస్తాయి. నిలిచిన తేట నీటి అంచు ఎక్కడుందో దానికి సరిగా ఆనదు. నీరు కదిలితే వెలుగు మిలమిలలాడుతుంది, మట్టం తెలుస్తుంది. కొళాయి మీద మోజు అందుకేనని నా అభిప్రాయం.

అందుకే ఫౌంటెన్ చేద్దామనుకున్నాను. మొదటిసారి తప్పు చేశాను. ఇంట్లో మూలపడి ఉన్న కూలర్ పంపును 2 లీటర్ల స్టీలు గిన్నెలో పెట్టాను. 'గుయ్' మని ఒకటే మోత. బూడిద గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గంట తర్వాత చెయ్యి పెట్టి చూస్తే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. లెక్క వేస్తే అర్థమైంది. ఆ పంపు 18 వాట్లది. నీటిలో మునిగిన పంపు వాడుకునే కరెంటంతా చివరికి వేడిగా మారి ఆ నీటిలోకే చేరుతుంది. వేడి బయటికి పోకపోతే 2 లీటర్ల నీరు గంటకు 7 డిగ్రీలకు పైనే వేడెక్కుతుంది. కూలర్ ట్యాంకులో నీళ్లు ఎక్కువ, ఫ్యాను గాలికి చల్లబడతాయి కూడా, కాబట్టి అక్కడ చెల్లుతుంది. పైగా 230 వోల్టుల వైరును పిల్లి మూతి పెట్టే నీటిలో ముంచడం ప్రమాదం. సీలు కాస్త లీకైనా ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

నిజానికి నిమిషానికి ఒక లీటరు నీటిని 15 సెంటీమీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి ఒక వాటులో నలభయ్యో వంతే. ఫోన్ ఛార్జర్‌తో నడిచే 5 వోల్టుల చిన్న పంపు చాలు. ఆక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. 2 వాట్ల పంపు నెలంతా ఆపకుండా తిరిగినా ఒకటిన్నర యూనిట్ కూడా కాలదు.

ఇక తయారీ. ఒక వెడల్పాటి స్టీలు బేసిను, రంగు వేయని మట్టి పూలకుండీ, చిన్న పంపు, గుప్పెడు నున్నటి గులకరాళ్లు, జానెడు పైపు ముక్క. కుండీ ఎత్తు 12 నుంచి 15 సెంటీమీటర్లుంటే చాలు. దాని అడుగున కన్నం ఎలాగూ ఉంటుంది, డ్రిల్లింగ్ అక్కర్లేదు. పంపును బేసిను మధ్యలో పెట్టి, పైపు బిగించి, కుండీని దాని మీద బోర్లించాలి. పైపు కొస కన్నంలోంచి కొద్దిగా పైకి రావాలి. చుట్టూ ఖాళీ ఉంటే స్పాంజి ముక్క కూరితే సరి, జిగురు వద్దు. కుండీ అంచు కింద మూడు రాళ్లు పెడితే నీరు లోపలికి వెళ్లడానికి, వైరు బయటికి రావడానికి దారి ఉంటుంది. పంపు పూర్తిగా మునిగేలా నీళ్లు పోయాలి, ఎండిపోయి తిరిగితే కాలిపోతుంది. ఛార్జర్ బేసినుకు దూరంగా, ఎత్తులో ఉండాలి. వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకెక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గు దాకా పోదు.

స్విచ్ వేస్తే నీరు ఎగజిమ్మదు. కన్నం దగ్గర బుడుబుడుమని ఉబికి, బోర్లించిన కుండీ ఒంటిని అంటిపెట్టుకుని పల్చటి పొరలా జారుతుంది. చప్పుడు దాదాపు ఉండదు. కరెంటు పోయినా బేసినులో నీళ్లు ఉండనే ఉంటాయి.

మట్టి కుండీనే ఎంచుకోవడానికి కారణం మన అమ్మమ్మలకు తెలిసిందే. కూజాలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీల వేడి తీసుకుపోతుంది. లీటరు నీటిలో 10 గ్రాములు ఆవిరైతే, బయటి వేడి చేరకపోతే, మిగతాది సుమారు 6 డిగ్రీలు చల్లబడాలి. పంపు వేడిని ఇది సులువుగా మింగేస్తుంది. అనంతపురం, హైదరాబాద్ పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. విశాఖ ఉక్కపోతలో గాలిలో అప్పటికే తేమ ఉంటుంది కాబట్టి అంత తేడా రాదు.

పారే నీరు దానంతటదే శుభ్రంగా ఉంటుందనుకుంటే పొరపాటు. మూడో రోజు బేసిను లోపల వేలితో రాస్తే జిగటగా తగులుతుంది. అది బ్యాక్టీరియా తన చుట్టూ తానే కట్టుకున్న జిగురు పొర. నీళ్లు మార్చినంత మాత్రాన పోదు, తోమితేనే పోతుంది. రోజూ నీళ్లు మార్చి, రెండు మూడు రోజులకోసారి బేసినును సబ్బుతో తోమి బాగా కడుగుతాను. మట్టి సబ్బును పీల్చుకుంటుంది కాబట్టి కుండీకి మాత్రం వేడినీళ్లు, బ్రష్షు. పంపు మూత తీస్తే లోపల చిన్న రెక్కల చక్రం ఉంటుంది. దానికి బూడిద వెంట్రుకలు దారపు ఉండలా చుట్టుకుని కనిపిస్తాయి. బోరు నీళ్లయితే తెల్లటి గార కూడా పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి పంపును అరగంట ఉంచితే గార బుసబుసమంటూ కరిగిపోతుంది.

ఫౌంటెన్ పెడితే ప్రతి పిల్లీ ఎక్కువ తాగుతుందని చెప్పలేం. కొన్ని ఇష్టపడతాయి, కొన్ని పట్టించుకోవు. తిండిలో నీళ్లు కలపడం ఇంతకంటే నమ్మకమైన దారి. పాత గిన్నెను తీసేయకుండా పక్క గదిలో ఉంచాలి. మగపిల్లి మూత్రానికి కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే ఫౌంటెన్లూ చిట్కాలూ పక్కన పెట్టి అప్పటికప్పుడు పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, ఒక్కరోజు ఆలస్యమైనా ప్రాణం పోవచ్చు. ఉన్నట్టుండి విపరీతంగా తాగడం మొదలుపెట్టినా చూపించాలి, కిడ్నీ జబ్బు, షుగరు అలాగే బయటపడతాయి.

బూడిద రెండు రోజులు దూరం నుంచే చూసింది. మూడో రోజు రాత్రి కుండీ దగ్గరికొచ్చి, ముంగాలు ముంచకుండా, తడి మట్టి మీద జారుతున్న నీటిని నేరుగా నాకింది. బాత్‌రూమ్ కొళాయి దగ్గర అరుపులు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు.